మెరుగు పెట్టని పాతదనం
రైలు స్టేషన్‌లో దిగిన ప్రయాణికులను సామానుతో సహా ఇళ్లకో హోటళ్లకో చేర్చే బండిగా మొదలై ఆ పేరుతోనే స్థిరపడిన స్టేషన్ వ్యాగన్, అంటే పైకప్పు వెనుక తలుపు వరకు సాగే పొడవాటి కారు, అమెరికాలో తొలి దశాబ్దాలలో ఎక్కువగా కలప శరీరంతోనే తయారయ్యేది. ఆ పరంపర 1953 నాటి బ్యూయిక్ ఎస్టేట్ వ్యాగన్లతో ముగియగా, వాటిలో రోడ్‌మాస్టర్ శ్రేణివి 670 మాత్రమే. అటువంటి బండి తక్కువ మైళ్లు తిరిగి, పునరుద్ధరణ సోకకుండా, అంటే రంగు, కలప, సీట్ల తొడుగు ఏవీ మారకుండా, కర్మాగారం నుంచి వెలువడినట్లే మిగలడం అత్యంత అరుదు. ఎందుకంటే కలప తరచూ వార్నిష్ కోరుతుంది, అశ్రద్ధ చేస్తే కుళ్లుతుంది, పైగా పిల్లలనూ సరుకులనూ మోసే కుటుంబ వాహనాన్ని అపురూపంగా దాచుకునేవారు తక్కువ. అయితే ఆనాటి ఐదంకెల మైళ్ల మీటరు లక్ష దాటగానే తిరిగి సున్నాకు చేరుతుంది కనుక, అది చూపే తక్కువ మైళ్ల లెక్కను పెడల్ రబ్బరు అరుగుదల, సర్వీసు రసీదులు, కలప అతుకుల బిగువు బలపరచినప్పుడే నమ్మాలి. ఇన్ని సాక్ష్యాలు నిలిచిన వాహనం అలంకారవస్తువు కాదు, నాటి వడ్రంగి పనితనాన్నీ రంగుల కూర్పునూ నేటికి చూపే చారిత్రక పత్రం. చెడిన భాగాన్ని నిలబెట్టడం సంరక్షణ అనిపించుకుంటుంది గాని, తళతళల కోసం పాత వార్నిష్‌ను గీకివేసే సేకర్తకు చివరికి మిగిలేది అందమైన నకలు మాత్రమే.