బండి మోసేదెంత? మనం మోపేదెంత?

అమెరికాలోనూ, కెనడాలోనూ ట్రక్ క్యాంపర్ అనే వాహనం వొకటుంది. మన వూళ్ళలో కూరగాయల బుట్టలు వేసుకువచ్చే చిన్న ట్రక్కుల్ని మీరు చూసేవుంటారు. వెనక తొట్టి వుంటుంది. అలాంటిదే ఇంకాస్త పెద్ద ట్రక్కు తీసుకుని, ఆ తొట్టిలో వొక బుల్లి గదిని దించి బిగిస్తారు. ఆ గదిలో గ్యాసుపొయ్యి, నీళ్ళ ట్యాంకు, చిన్న ఫ్రిజ్, భోజనాల బల్ల, డ్రైవరు నెత్తి మీదికి చొచ్చుకొచ్చిన మంచం, అన్నీ వుంటాయి. రాత్రిపూట బల్లని దించి పరుపు వేస్తే అదే రెండో మంచం. అవసరం తీరాక గదిని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టి, కింద నుంచి ట్రక్కుని నడుపుకుంటూ వెళ్ళిపోవచ్చు.

సియాటిల్‌లో వుంటున్న మా అమ్మాయీ, అల్లుడూ ఇలాంటిది వొకటి, ఎవరో వాడినదే, కొన్నారు. ఈ వేసవిలో నలుగురం కలిసి ఉత్తరానికి, ఆర్కిటిక్ సముద్రం వొడ్డున వున్న టుక్టొయాక్టుక్ అనే వూరిదాకా వెళ్ళాలని సంకల్పం. ఈ ప్రయాణం అంటే అందరికన్నా సంబరం మా వారికే. ఆయన ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పారు. అర్ధరాత్రి సూర్యుడు కనిపించే పాఠం వచ్చినప్పుడల్లా గ్లోబుని వొంచి పిల్లలకి చూపించారేగాని, ఆ సూర్యుణ్ణి కంటితో చూడలేదు. ఇప్పుడాయనకి డెబ్బయ్యేళ్ళు. మళ్ళీ వద్దాం లెమ్మని వాయిదా వేసుకునే వయస్సు కాదు.

దారి సంగతి కాస్త చెప్పాలి. బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ దగ్గర అలాస్కా హైవే మొదలవుతుంది. యుద్ధకాలంలో, 1942 మార్చిలో పని మొదలుపెట్టి, పదివేలమందికి పైగా సైనికులు అక్టోబరు ఆఖరుకల్లా రెండు కొసలూ కలిపేశారు. వారిలో సుమారు మూడోవంతు నల్లజాతి సైనికులు. మామూలు జనానికి ఆ దారి తెరిచింది 1948లో. ఇప్పుడు దాని పొడుగు సుమారు 2,200 కిలోమీటర్లు. మేము దానిమీద వైట్‌హార్స్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి పక్కకి తిరిగి, డాసన్ సిటీ సమీపంలో డెంప్‌స్టర్ హైవే ఎక్కాలి. అది ఇనూవిక్ వరకు 740 కిలోమీటర్ల కంకరదారి. అక్కణ్ణించి సముద్రం దాకా మరో 140 కిలోమీటర్లు. ఈ ఆఖరి ముక్క 2017లో తెరిచారు. నడుమ రెండు నదుల్ని ఫెర్రీల మీద దాటాలి. డెంప్‌స్టర్ మొదట్నించి ఈగిల్ ప్లెయిన్స్ దాకా 370 కిలోమీటర్లు పెట్రోలు బంకు అన్నది లేదు.

దూరం ఇంత అనగానే ఎవరికైనా పుట్టే బుద్ధి వొకటే: "అన్నీ సర్దుకుపోదాం, దారిలో ఏం దొరుకుతుందో ఏమో!" మా ఇంట్లోనూ అదే జరిగింది. హాల్లో సామాను కొండలా పెరిగింది. దుప్పట్లు, స్వెట్టర్లు, బియ్యం, కందిపప్పు, ఆవకాయ, గోంగూర, ప్రెషర్ కుక్కరు, మిక్సీ. అల్లుడు కరెంటు కోసమని జనరేటరు తెచ్చాడు. మా వారు ఎక్కణ్ణించో మడత కుర్చీ వొకటి తెచ్చి, అర్ధరాత్రి సూర్యుణ్ణి నిలబడి చూడలేనన్నారు.

అప్పుడు అల్లుడు ట్రక్కు తలుపు తెరిచి, డ్రైవరు పక్కనున్న స్తంభం మీద అంటించిన పసుపు రంగు చీటీ చూపించాడు. మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలకు మించరాదు అని అందులో అచ్చువేసి వుంటుంది. ఒకే రకం ట్రక్కులైనా బండికీ బండికీ ఆ అంకె వేరు. మాదాని మీద 1,800 కిలోలని వుంది. ట్యాంకు నిండా వుండే ఇంధనాన్ని బండి బరువులోనే లెక్కేస్తారు. తక్కినవన్నీ, నడిపేవాడితో సహా, ఈ 1,800లోనే ఇమడాలి.

అంకె పెద్దదే గదా అనుకున్నారు అందరూ. నేను కాగితం తీసుకుని పచారీకొట్టు పద్దు రాసినట్టు రాయడం మొదలుపెట్టాను.

క్యాంపరు మీద కంపెనీవారు వేసిన బరువు 1,130 కిలోలు. కాని అది ఫ్యాక్టరీలోంచి వచ్చిననాటి మాట. ఆ తరువాత పాత యజమాని కప్పు మీద ఎయిర్ కండిషనరు, పక్కన చుట్టే పందిరిగుడ్డ, బ్యాటరీలు, ఇంకా ఏవేవో బిగించుకున్నాడు. కాటా వేయిస్తే 1,250 తేలింది. మిగిలింది 550. నీళ్ళ ట్యాంకు 110 లీటర్లు. లీటరు నీళ్ళు కిలో గనక 110 కిలోలు. మిగిలింది 440. గ్యాసు సిలిండర్లు రెండూ నింపితే 34. మేం నలుగురం కలిసి 275. మిగిలింది 131.

ఇక వదల్లేనివి. డెంప్‌స్టర్ దారిలో పలకరాయి ముక్కలు కత్తిపీటల్లా వుంటాయి, అంచేత వొక స్టెప్నీ చాలదు, రెండోది కావాలి: 40. జాకీ, పనిముట్లు, గాలిపంపు, పంచరు సామాను: 30. అదనపు డీజిలు డబ్బాలు రెండు: 40. మిగిలింది 21 కిలోలు. ఇరవై వొక్క కిలోల్లో నలుగురి బట్టలు, పడకలు, వంటసామాను, తిండి!

హాల్లో వున్న కొండని మూటమూటగా తూచాం. 120 కిలోలుంది. జనరేటరు 22, మా వారి కుర్చీ 8. మొత్తం 150. మోయగలిగిందానికన్నా 129 ఎక్కువ.

అల్లుడు, "వెనక స్ప్రింగులకి గాలిసంచులు వేయిస్తే సరిపోతుందని కొందరంటున్నారు, అత్తయ్యగారూ" అన్నాడు. వేయిస్తే వొంగిన బండి లేచి నిటారుగా నిలబడుతుంది, నిజమే. కాని ఇరుసులు అవే, బ్రేకులు అవే, చక్రాలు అవే. కంపెనీవారిచ్చిన హద్దు వొక్క కిలో కూడా పెరగదు. నడుం పట్టీ కట్టుకున్నంతమాత్రాన మోకాళ్ళకి బలం వస్తుందా?

అప్పటిదాకా మాట్లాడకుండా కూచున్న మా వారు కాగితం చేతిలోకి తీసుకుని చూశారు. "మీ అమ్మా నేనూ కలిసి 135 కిలోలు. మేమిద్దరం దిగిపోతే లెక్క సరిపోయి, ఇంకా ఆరు కిలోలు మిగులుతుంది కూడా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కాని లెక్కల్లో ఆయన హాస్యమాడగా నేనెన్నడూ చూడలేదు.

అమ్మాయి ఏమీ అనలేదు. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని మొదట్నించి మళ్ళీ చదివింది. "ఆర్కిటిక్‌కి వెళ్తూ కప్పు మీద ఎయిర్ కండిషనరు ఎందుకు నాన్నా?" అంది.

నిజమే! జూలైలో కూడా రాత్రుళ్ళు గడ్డకట్టేంత చలి పడగల చోటికి వెళ్తూ, చల్లబరిచే యంత్రాన్ని నెత్తిన పెట్టుకుపోతున్నాం. దాన్ని విప్పించి, ఆ కంతకి గాలి మరతో మూత వేయించారు: 38 కిలోలు తగ్గింది. పందిరిగుడ్డ విప్పితే 27. నీళ్ళు సగమే పట్టుకుపోతే 55. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి అయిదు లీటర్లు వేసుకున్నా, 55 లీటర్లు నలుగురికి రెండున్నర రోజులకి పైగా వస్తాయి. వూళ్ళలో నింపుకోవచ్చు, స్నానాలూ అక్కడే. జనరేటరు వద్దన్నాం. బండి నడుస్తుంటే బ్యాటరీ ఎలాగూ నిండుతుంది. ఇలా మాకు మిగిలింది 141 కిలోలు.

ఆ తరువాత నా కొండ మీద నేనే చెయ్యి వేశాను. వైట్‌హార్స్‌లోనూ ఇనూవిక్‌లోనూ కొట్లున్నాయి. పైకి పోయినకొద్దీ ధరలు మండుతాయిగాని, బియ్యం దొరకని ఎడారి కాదు. అంచేత మజిలీకి సరిపడా బియ్యమే. సీసాల పచ్చళ్ళకి బదులు కందిపొడి, కారప్పొడి. ఆవకాయ మాత్రం అరకిలో, ప్లాస్టిక్ డబ్బాలో. మిక్సీ ఇంట్లోనే. మనిషికి మూడు జతలు. ఇలా 120 కాస్తా 75 అయింది. మా వారి కుర్చీకి 8 పోను, ఇంకా 58 కిలోలు వెసులుబాటు వుంది. హద్దు అంచు దాకా నింపితే గతుకుల దారిలో బండికి వూపిరి ఆడదు గనక, దాన్ని అలాగే వుంచేశాం.

బరువెంత అన్నది వొక ప్రశ్న, ఎక్కడ పెట్టామన్నది రెండోది. ఎడ్లబండి తోలినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి మొగ్గితే కాడి లేచి ఎడ్ల గొంతు నొక్కుతుంది. ఇక్కడా అంతే. క్యాంపరు పక్కన బరువు మధ్యస్థానం ఎక్కడుందో కంపెనీవారు గుర్తు పెడతారు. ఆ గుర్తు వెనక ఇరుసుకి ముందే పడాలి. వెనక పడితే ముందుచక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. బరువైనవన్నీ నేలబారుగా, ముందువైపు సర్దాలి. గదిని నాలుగు మూలలా గొలుసులతో బిగించి, మొదటిరోజు వంద కిలోమీటర్లకే ఆగి మళ్ళీ బిగింపు చూడాలి. టైర్లు బరువు మోసే రకానివై వుండాలి, గాలి ఆ బరువుకి తగినంత వుండాలి.

తక్కినవి ఇంటి ఇల్లాలి కంటికి ఆనేవే. నలుగురు పడుకుంటే తెల్లారేసరికి గోడలకి చెమట పడుతుంది, పరుపులు తడుస్తాయి. ఎంత చలైనా పైమూత కాస్త తెరిచివుంచాలి. వెచ్చదనం కోసం గ్యాసుపొయ్యి వెలిగించి వుంచడం ప్రాణాంతకం. విషవాయువుని పసిగట్టే గంట పనిచేస్తోందో లేదో మీట నొక్కి చూశాం. ఇనూవిక్‌లో మే ఆఖరి వారం నుంచి సుమారు ఎనిమిది వారాలు సూర్యుడు అస్తమించడు. నిద్ర పట్టాలంటే కిటికీలకి నల్లగుడ్డ కావాలి. పాత చీర అంచులు కత్తిరించి తెరలు కుట్టాను. దోమలకి సందు లేకుండా వల సరిచేశాను. ఎలుగుబంట్ల దేశం గనక ఎంగిలి గిన్నెలు బయట వదలరాదు. మన ఇంగువ పోపు వాసన ఎంత దూరం పోతుందో మీకు తెలుసు గదా!

ఇండియా నుంచి మాలాగా చూడవచ్చిన తల్లిదండ్రులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అమెరికా వీసా వుంటే చాలదు, కెనడాకి వేరే వీసా తీసుకోవాలి. తిరిగి అమెరికాలో అడుగుపెట్టేందుకు చేతిలో వున్న వీసా చెల్లుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

మా వారు చెప్పిన సంగతి వొకటి ఇక్కడ రాయాలి. 1942లో ఆ దారి వేసేటప్పుడు మొదట బుల్‌డోజర్లతో నేలమీది నాచునీ, మట్టినీ గీకేశారట. ఆ ప్రాంతంలో కింద నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి వుంటుంది. పైనున్న నాచే దానికి దుప్పటి. దుప్పటి లాగేసరికి మంచు కరిగి, యంత్రాలు దిగబడిపోయే బురద అయింది. తరువాత నాచు జోలికి పోకుండా, దానిపైనే దుంగలు పరిచి దారి వేశారు. డెంప్‌స్టర్ కూడా నేలని తవ్వకుండా మందంగా కంకర పోసి కట్టిన గట్టే. "ఏది తీసెయ్యాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది తీయకూడదో తెలియడమూ అంతే" అన్నారాయన. ఎయిర్ కండిషనరు గురించి అన్నారో, ఇంక దేన్ని గురించి అన్నారో నేను అడగలేదు.

నిన్న అందరం ఎక్కి, నీళ్ళూ గ్యాసూ డీజిలూ నింపుకుని, లారీలు తూచే కాటా మీదికి వెళ్ళాం. ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా చీటీలో వచ్చాయి. రెండూ హద్దులోనే వున్నాయి. మొత్తం మీద మేము 58 అనుకున్న వెసులుబాటు 40 అని తేలింది. తక్కిన పద్దెనిమిది ఎవరి మూటలో దూరాయోనని విచారణ జరుగుతోంది. శుక్రవారం తెల్లవారుజామున ప్రయాణం. మీ పిల్లలెవరైనా ఇలాంటి బండి కొన్నామని ఉత్తరం రాస్తే, అందులో ఎన్ని మంచాలున్నాయని అడగకండి. తలుపు పక్కన చీటీలో ఎన్ని కిలోలని వుందో కనుక్కోండి. ఆ తరువాత ఆవకాయ సంగతి ఆలోచించవచ్చు.