పత్రిక ఫోనులోకి వెళ్ళింది... మరి ప్రకటన ఎటు పోయింది?

మా పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో పొడవాటి బల్ల ఒకటి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయం ఎనిమిది గంటలకే దాని చుట్టూ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. ఒకే పత్రికను నలుగురు పంచుకొని చదివేవారు. జిల్లా అనుబంధం ఒకరి చేతిలో, క్రీడల పేజీ మరొకరి చేతిలో, సంపాదకీయం ఎవరో పదవీ విరమణ చేసిన మాస్టారి చేతిలో ఉండేది. చదువురాని బీడీ కార్మికుడికి ప్రక్కవాడు చదివి వినిపించేవాడు. ఆ బల్ల నేటికీ అక్కడే ఉంది. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలు దానిమీద తమ పుస్తకాలు పరచుకుంటున్నారు. పత్రికలు ఒక మూల పడి ఉంటాయి. మధ్యాహ్నం వరకూ వాటి మడత విప్పేవారుండరు.

ఇందులో విచారించవలసిందేమీ లేదని మా అబ్బాయి వాదన. పత్రిక చావలేదు, జేబులోకి వచ్చిందంటాడు. కొంతవరకు నిజమే. అయితే మూడు దశాబ్దాలు రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు ఆ జేబులోకి రాకుండా మిగిలిపోయినదేదో కనిపిస్తున్నది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

తెలుగు పత్రికలకు మార్పు కొత్త కాదు. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైనప్పుడు తెల్లవారకముందే పాఠకుని గుమ్మంలో పత్రిక పడాలన్న పట్టుదలే ఒక విప్లవం. ఆ తరువాత జిల్లా అనుబంధాలు వచ్చాయి. అంతవరకు మద్రాసు, హైదరాబాదు, ఢిల్లీ సంగతులు మాత్రమే వార్తలుగా చెలామణి అయ్యేవి. జిల్లా పేజీలు వచ్చాక మంచినీటి కొళాయి, బడి పైకప్పు, రేషను దుకాణం కూడా వార్తలయ్యాయి. తొంభైల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణంపై తిరగబడితే ఆ కబురు రాష్ట్రమంతటా ప్రాకింది ఈ పత్రికల వల్లనే. మార్పును అందుకోలేనివి రాలిపోయాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ అంతటిది కూడా 1991లో మూతపడింది.

ఉర్దూ పత్రికల కథ ఇంకా ఆసక్తికరమైనది. కొత్త యంత్రమంటే మన సమాజానికి భయమని తేలికగా మాట్లాడేవారు ఈ కథ తెలుసుకోవాలి. నస్తాలీఖ్ లిపిని అచ్చు అక్షరాలలో ఇమిడ్చడం సాధ్యం కాక శతాబ్దానికి పైగా ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితోనే వ్రాశారు. వారు వ్రాసిన పుటలను రాతిమీదికి, తరువాతి కాలంలో ప్లేటుమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్, 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత ఆ కలం కంప్యూటరుకు చోటిచ్చింది. కాతిబుల బ్రతుకులు దెబ్బతిన్నాయి, పత్రికలు మాత్రం నిలిచాయి. 1949 ఆగస్టు 15న హైదరాబాదులో ఆబిద్ అలీ ఖాన్‌గారు ప్రారంభించిన ‘సియాసత్’ నేడు ఇంగ్లీషు వెబ్‌సైటు కూడా నడుపుతున్నది. మరోవైపు చెన్నైలో 1927 నుంచి వెలువడిన ‘ముసల్మాన్’ దశాబ్దాల తరబడి చేతివ్రాతనే అంటిపెట్టుకొని లోకప్రసిద్ధి పొందింది. రెండూ మనవే. ఒకదానిని మెచ్చుకోవడానికి మరొకదానిని చిన్నచూపు చూడనక్కరలేదు.

కాని నేను తిరిగే గ్రామాలలో ఉర్దూ చదవగలిగిన యువకులు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమందే. వారి ఇంటి భాష ఏదైనా చదువు భాష తెలుగే. కనుక తెలుగు దినపత్రికలో ఏ మార్పు వచ్చినా అది మన ఇంటి వ్యవహారమే.

ఆ మార్పు ఎలా వచ్చిందో అందరికీ తెలిసినదే. 2019 జూలై బడ్జెట్‌లో దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై పదిశాతం సుంకం విధించారు. 2020 ఫిబ్రవరిలో దానిని ఐదు శాతానికి తగ్గించారు. ఊపిరి పీల్చుకునేలోపు మార్చిలో కరోనా వచ్చింది. పత్రిక ముట్టుకుంటే జబ్బు వస్తుందన్న భయంతో చందాదారులు మాన్పించారు. ప్రకటనలు ఆగిపోయాయి, పేజీలు చిక్కిపోయాయి. పాఠకుడు ఫోనుకు అలవాటు పడ్డాడు, మళ్ళీ వెనక్కు రాలేదు. పత్రికలు అతని వెంటే నడిచాయి. ఈ-పేపరు, యాప్, యూట్యూబు చానల్ అన్నీ పెట్టుకున్నాయి. ఒకప్పుడు కలం, కాగితం పట్టుకొని వచ్చే మండల విలేకరి నేడు ఫోను నిలబెట్టి దృశ్యం తీసుకుంటాడు, వార్త పంపుతాడు, అదే నోటితో ప్రకటన కూడా అడుగుతాడు. అతనిని తప్పుపట్టలేను. అతని బ్రతుకు అటువంటిది.

ఇక నేను చెప్పదలచిన విషయానికి వస్తాను. పత్రిక అంటే వార్త మాత్రమే కాదు, చట్టం దృష్టిలో అదొక చాటింపు కూడా. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌తో పాటు ఆ ప్రాంతంలో చెలామణిలో ఉన్న రెండు దినపత్రికలలో ప్రచురించాలి. వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అభ్యంతరాలకు గడువు అరవై రోజులు. 2025లో సవరించిన వక్ఫ్ చట్టం ప్రకారం కూడా వక్ఫ్ ఆస్తుల విషయంలో రెవెన్యూ రికార్డుల మ్యుటేషన్‌పై నిర్ణయానికి ముందు రెండు దినపత్రికలలో తొంభై రోజుల బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఆ సవరణపై మన అభ్యంతరాలు మనకున్నాయి, న్యాయస్థానంలో వ్యాజ్యాలూ ఉన్నాయి. అది వేరే చర్చ. చట్టం అమలులో ఉన్నంతకాలం ఆ తొంభై రోజులే మన చేతిలోని గడువు.

సర్వీసులో ఉండగా ఇటువంటి ప్రకటనల ముసాయిదాలు నేనే తయారుచేసేవాడిని. కాలమ్ సెంటీమీటర్ల లెక్కన బిల్లు వచ్చేది గనుక అక్షరాలు వీలైనంత చిన్నవిగా, వాక్యాలు వీలైనంత ఇరుకుగా ఉండేవి. ప్రచురితమైన మరునాడు కటింగును కాగితంపై అతికించి, తేదీ వేసి, ఫైలులో కట్టేవాడిని. ఆ కటింగు ఫైలులో ఉన్నదంటే ప్రజలందరికీ తెలిసినట్లే లెక్క. దానిని చదివినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నన్ను ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, నన్ను నేనూ అడుగుకోలేదు.

పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు ఆ ప్రశ్న నా గుమ్మంలోకి వచ్చింది. ప్రక్క గ్రామం పెద్దలు ముగ్గురు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. రోడ్డు విస్తరణకు వారి ఖబరస్తాన్ అంచున ఒక పట్టీ పోతున్నదని, మార్కింగు రాళ్ళు పాతేదాకా తమకు ఏమీ తెలియదని చెప్పారు. మరునాడు కార్యాలయానికి వెళ్ళి ఫైలు చూశాను. దానిలో లోపం లేదు. రెండు కటింగులు చక్కగా అతికించి ఉన్నాయి, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. పంచాయతీ గోడకు అంటించినట్లు నివేదిక ఉంది. అంటించినది వానాకాలంలో. ఆ తెలుగు పత్రిక ఆ ఊరికి ఒక్క ప్రతి కూడా రావడం లేదు. బస్టాండులోని టీ హోటలువాడు కరోనాలో మాన్పించాడు. ఇంగ్లీషు పత్రిక సంగతి చెప్పనక్కరలేదు. గడువు దాటి పదకొండు రోజులైంది. ఒక వరుస సమాధులు రోడ్డులో కలిసిపోయాయి. అందులో ఆ పెద్దలలో ఒకరి తల్లిగారి సమాధి ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పత్రికకు ఈ-పేపరు ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. కాని ఏ జిల్లా ఎడిషనులో వచ్చిందో తెలిస్తేనే అది దొరుకుతుంది. పైగా చాలాచోట్ల పేజీ ఒక బొమ్మగా ఉంటుంది గనుక ఊరి పేరుతో వెతికితే తేలదు. పాత తేదీ కావాలంటే చందా కట్టాలి. యాప్‌లో సినిమా కబురు వస్తుంది, బంగారం ధర వస్తుంది, మన సర్వే నంబరు ఎన్నడూ రాదు. పత్రిక ఫోనులోకి వెళ్ళేటప్పుడు తన సరుకునంతా సర్దుకొని వెళ్ళింది గాని ఈ చాటింపును మాత్రం కాగితంమీదనే వదిలి వెళ్ళింది. చట్టమేమో ఇంకా ఆ గ్రంథాలయం బల్ల చుట్టూ జనం కూర్చొని ఉన్నారనే అనుకుంటున్నది.

మార్గం లేకపోలేదు. బీహార్‌లో ఓటర్ల జాబితా సవరణలో దాదాపు 65 లక్షల పేర్లు ముసాయిదాలోకి రానప్పుడు, 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ పేర్లను కారణాలతో సహా వెతుక్కోవడానికి వీలుగా వెబ్‌సైట్లలో ఉంచాలన్నది. ఆ సంగతిని స్థానిక భాషా పత్రికలలో, రేడియో, టీవీలలో, సామాజిక మాధ్యమాలలో చాటాలన్నది. జాబితాలను పంచాయతీ కార్యాలయాలలోనూ అంటించాలన్నది. అంటే పత్రిక ఒక్కటే చాలదని, పత్రిక అక్కరలేదనీ కాదని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించింది. ఒక్క బీహార్‌కు వర్తించిన ఈ ఇంగితం మన మండల కార్యాలయాల ప్రకటనలకు ఎందుకు వర్తించకూడదు? ప్రకటన బిల్లుకు ప్రభుత్వం డబ్బు చెల్లిస్తున్నది. ఆ డబ్బు తీసుకునే పత్రికలు అదే ప్రకటనను చందా లేకుండా, ఊరి పేరుతో వెతకగలిగే అక్షరాలలో తమ వెబ్‌సైటులో గడువు ముగిసేవరకు ఉంచాలన్న నిబంధన పెట్టడం ఎంత పని?

మరొక మాట కూడా చెప్పాలి. 2020 వసంతంలో తబ్లీగీ జమాత్ పేరిట మన మీద సాగిన ప్రచారం మరచిపోలేనిది. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ మీడియా ప్రచారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆరోపణ పతాక శీర్షికై ఊరూరా తిరిగింది, తీర్పు లోపలి పేజీలలో ఒదిగి కూర్చుంది. కాగితం పత్రికలో తప్పు వస్తే కనీసం ఆ ప్రతి సాక్ష్యంగా మిగులుతుంది. వెబ్‌సైటులో తప్పును చప్పుడు కాకుండా మార్చివేయవచ్చు, సవరించామన్న ముక్క కూడా లేకుండా. దినపత్రిక వ్రాతపై ముందు సంపాదకునికి వ్రాసి, ప్రచురణ జరిగిన రెండు నెలలలోగా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్ వార్తల విషయంలో 2021 ఐటీ నిబంధనల మేరకు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాస్తే పదిహేను రోజులలో నిర్ణయం చెప్పాలి. మనవారు ఈ రెండూ చేయరు. వాట్సప్‌లో నాలుగు కోపపు మాటలు వ్రాసుకొని ఊరుకుంటారు. ఫోనులో కనిపించిన తప్పును తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోవాలన్న చిన్న జాగ్రత్త కూడా లేదు.

ప్రభుత్వం మారేవరకు, పత్రికలు వినేవరకు కూర్చుంటే ఇంకెన్ని గడువులు దాటుతాయో తెలియదు. అందుచేత మా మస్జిదు కమిటీలో ఒక ఏర్పాటు చేసుకున్నాము. రెండు తెలుగు దినపత్రికల ఈ-పేపరు చందా కమిటీ ఖాతా నుంచి కడుతున్నాము. డిగ్రీ చదివే కుర్రవాడొకడు ప్రతిరోజూ ఫజర్ తరువాత అరగంట జిల్లా పేజీలలోని ప్రకటనలు మాత్రమే చూస్తాడు. మన చుట్టుప్రక్కల పదకొండు గ్రామాల పేర్లలో ఏది కనిపించినా నాకు పంపుతాడు. ఎవరి భూమి అయినా సరే, కబురు వారికి చేరుస్తాము. శుక్రవారం నాడు ఆ వారపు ప్రకటనలు పెద్ద అక్షరాలతో మస్జిదు బోర్డుపైన, బస్టాండు టీ హోటలు గోడపైన అంటిస్తాము. మొదట్లో ఇదేమి చాదస్తమన్నారు. ఆరు నెలలలో ఆ కుర్రవాడు పంపినవి పద్నాలుగు. అందులో పది మనకు సంబంధం లేని రైతులవి, వారు వచ్చి కృతజ్ఞతలు చెప్పి వెళ్ళారు.

గత నెల వచ్చినది మన ఈద్గా స్థలానిది, మ్యుటేషన్ ప్రకటన. పేజీ అడుగున అగ్గిపెట్టె అంత పెట్టెలో ఉంది. సర్వే నంబరులో ఒక అంకె కూడా తప్పు. గడువు ఇంకా 71 రోజులు మిగిలి ఉంది. అభ్యంతర పత్రం నేనే వ్రాశాను. ముతవల్లీ సంతకం చేశారు. ఇన్‌వర్డు నంబరు వేయించి రసీదు తీసుకున్నాము. ప్రకటన కటింగును దానికి జతచేసి మా ఫైలులో కట్టాను.