మనసు బాధకూ కేసు షీటులో ఒక గడి కావాలి

క్యాన్సర్ వార్డులో చేరిన రోగికి నాడి చూస్తారు, రక్తపోటు కొలుస్తారు, జ్వరం రాస్తారు, బరువు తూస్తారు. నొప్పి ఎంత ఉందో కూడా నేడు చాలాచోట్ల అడుగుతున్నారు. కాని "మీ మనసెలా ఉంది?" అన్న ప్రశ్నకు కేసు షీటులో గడి కనిపించడం అరుదు. ప్రభుత్వ కార్యాలయాలలో కాగితాల మధ్య జీవితం గడిపినవారికి తెలిసిన సత్యం ఒకటుంది. ఫారంలో గడి లేని విషయానికి ఫైలులో చోటుండదు. ఫైలులో చోటు లేనిదానికి సిబ్బంది ఉండరు, నిధులూ ఉండవు. అందుకే క్యాన్సర్ రోగుల మనోవేదనను గుర్తించే పరీక్షను దయాదాక్షిణ్యాల విషయంగా కాక, హక్కుల విషయంగా పాఠకుల ముందుంచుతున్నాము.

ఇది చిన్న సమస్య కాదు. 14 దేశాలలో జరిగిన 70 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష 2011లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వెలువడింది. దాని ప్రకారం క్యాన్సర్ రోగులలో దాదాపు ఆరుగురికి ఒకరు కుంగుబాటుతో బాధపడుతున్నారు. స్కాట్లాండులో ఇరవై ఒక్క వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2014లో ప్రకటించిన అధ్యయనం మరో చేదు నిజం చెప్పింది. అక్కడ కుంగుబాటు ఉన్నవారిలో 73 శాతం మందికి దానికి తగిన చికిత్స అందడం లేదు. సంపన్న దేశంలోనే స్థితి ఇలా ఉంటే, రోజు కూలీ వదులుకొని ఆస్పత్రి వరండాలో వరుస కట్టే మన కుటుంబాల సంగతి ఊహించుకోవచ్చు. అయితే అదే ఏడాది, అదే దేశం నుండి ఆశ కలిగించే ఫలితమూ వచ్చింది. క్యాన్సర్ చికిత్సతో కలిపి కుంగుబాటుకు క్రమబద్ధమైన వైద్యం అందించినప్పుడు 62 శాతం మంది గణనీయంగా కోలుకున్నారు. మామూలు పద్ధతిలో వదిలేసినవారిలో ఆ సంఖ్య 17 శాతమే.

మరి ఇంత బాధ ఎందుకు కంటబడదు? నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, నీరసం క్యాన్సర్ వల్లనూ వస్తాయి, మందుల వల్లనూ వస్తాయి, కుంగుబాటు వల్లనూ వస్తాయి. "ఆ జబ్బుకు అంతేలే" అని అందరూ సరిపెట్టుకుంటారు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇంటికి భారమయ్యానన్న అపరాధ భావం, ఇక బతికి లాభం లేదన్న నిరాశ, ఇవి అసలు గుర్తులు. వీటిని అడిగితేనే రోగి చెబుతాడు. మన ఇళ్లలో మరో అడ్డంకి ఉంది. కన్నీరు పెట్టుకున్న రోగితో "సబ్ర్ చేయి" అంటాము. సహనం గొప్ప గుణమే. కాని కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన యాఖూబ్ ప్రవక్త (అ) దుఃఖాన్ని ఖురాన్ విశ్వాసలోపంగా చెప్పలేదు. దుఃఖించడం ఈమాన్ తగ్గినందుకు గుర్తు కాదు, దానికి వైద్యం కోరడమూ కాదు.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. సున్నా నుండి పది వరకు గీతలున్న థర్మామీటరు బొమ్మ చూపి, గడిచిన వారంలో మీ ఆవేదన ఏ గీత దగ్గర ఉందని అడగడం ఒక పద్ధతి. నాలుగు, ఆపైన చూపితే లోతుగా విచారించాలి. మరొకటి పి.హెచ్.క్యూ.-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక. గత 2 వారాల మనోస్థితిని అడిగి 27కు మార్కులు వేస్తారు. 10, ఆపైన వస్తే వైద్యుడు శ్రద్ధ పెట్టాలి. చివరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించినది. దానికి అవునంటే, మొత్తం మార్కులు ఎన్నైనా, ఆ రోగిని ఆ రోజే మానసిక వైద్యుడు చూడాలి. వీటికి యంత్రాలు అక్కరలేదు. కొన్ని నిమిషాల సమయం, శిక్షణ పొందిన ఒక మనిషి చాలు.

కాని ఏ భాషలో అడుగుతారన్నది మా ప్రధాన ప్రశ్న. పాతబస్తీ నుండో, ముషీరాబాద్ గల్లీల నుండో వచ్చిన తల్లి "దిల్ ఘబ్‌రారా" అంటుంది. దాన్ని గుండెదడగా రాసుకొని ఇ.సి.జి.కి పంపితే ఆమె చెప్పిన దిగులు కాగితం మీదికే రాదు. కొడుకునో భర్తనో దుబాసీగా నిలబెడితే, "మీకు భారమయ్యాను" అన్న మాట వాళ్ల ఎదుట ఆమె నోట రాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించింది. తెలంగాణ 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించింది. అటువంటి నగరంలో రోగి దుఃఖాన్ని ఆమె భాషలో అడగమని కోరడం అత్యాశ కాదు. పి.హెచ్.క్యూ.-9కు తెలుగు, ఉర్దూ అనువాదాలు ఉన్నాయి. చదవలేనివారికి వాటిని దక్కనీ పలుకుబడిలో, చాటుగా, స్త్రీలకు స్త్రీ ఉద్యోగి చేత చదివించాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను ప్రతి వ్యక్తికీ మానసిక వైద్యసేవలు పొందే హక్కునిచ్చింది. మతం, లింగం, కులం, వర్గం ఆధారంగా వివక్ష కూడదని స్పష్టంగా చెప్పింది. ఆ హక్కును అమలు చేయడానికి కావలసినవన్నీ మన చుట్టూనే ఉన్నాయి. ఒకనాటి ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది, అందులో మానసిక వైద్య విభాగం ఉంది. తార్నాక పక్కనే ఉస్మానియా ప్రాంగణంలో మనస్తత్వశాస్త్రం చదివే విద్యార్థులున్నారు. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుండి సేవలందిస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది. వీటిని కలిపే ఉత్తర్వు ఒక్కటి కావాలి.

ప్రభుత్వాన్ని మేము కోరేవి ఐదు. క్యాన్సర్ నిర్ధారణ అయిన రోజున, చికిత్స మారిన ప్రతిసారీ, వ్యాధి తిరగబెట్టినప్పుడు మనోస్థితి పరీక్ష జరిపి కేసు షీటులో నమోదు చేయాలి. ఆరోగ్యశ్రీ కింద చికిత్స చేసే ఆస్పత్రులకు దీన్ని నిబంధనగా పెట్టాలి. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన కౌన్సెలర్లను నియమించాలి. శిక్షణ కోసం విశ్వవిద్యాలయ విద్యార్థులను పర్యవేక్షణలో వార్డులకు పంపాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బాధ ఉందని తేలినవారికి చికిత్స అందించాలి. అడిగి వదిలేయడం అడగకపోవడం కంటే క్రూరం.

మన బాధ్యతా ఉంది. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు రోగుల ఇళ్లకు పండ్లతో పాటు ఈ ప్రశ్నను కూడా తీసుకెళ్లాలి. చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. రేయింబవళ్లు పనిచేసే ఉచిత టెలీ మానస్ సహాయ నంబరు 14416 ప్రతి ఇంటి గోడ మీద ఉండాలి. దిగులుకు మందులు వాడుతుంటే క్యాన్సర్ వైద్యుడికి దాచకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ పనితనాన్ని తగ్గించే మందులు కొన్ని ఉన్నాయి.

కణితి ఎంత పెరిగిందో సెంటీమీటర్లలో కొలిచే వ్యవస్థ, దాన్ని మోస్తున్న మనిషి ఎంత కుంగిపోయాడో కూడా కొలవాలి. ఆ గడి కేసు షీటులో చేరేవరకు అర్జీలు పెడదాం, జవాబులు రాబడదాం.