ఆటవిడుపు: రాజు పట్టినవాడు మునుగుతాడు!

బాలాపూర్ లడ్డూ సంగతి తెలియనివాళ్ళు మన హైద్రాబాద్‌లో ఉండరు. 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికిన ఆ గణేశుడి లడ్డూ, 2025లో 35 లక్షలు పలికింది! ఎవరు ఎక్కువ పాడితే లడ్డూ వాళ్ళది. పందెం అన్నచోటల్లా ఇంతే గదా... పెద్దది గెలుస్తుంది, చిన్నది చేతులు దులుపుకుని ఇంటికెళ్తుంది.

మన సినిమాల్లో పేకాట సీను చూడండి. క్లబ్బు, సిగరెట్ పొగ, జ్యోతిలక్ష్మి డాన్సు. విలన్ మూడు రాజులు పరిచి పకపకా నవ్వుతాడు. హీరో తాపీగా మూడు ఆసులు పరుస్తాడు. హాల్లో ఈలలే ఈలలు! హాలీవుడ్ వాళ్ళూ తక్కువ తినలేదు. 1965లో వచ్చిన 'ది సిన్సినాటి కిడ్'లో కుర్ర హీరో స్టీవ్ మెక్వీన్ ఫుల్ హౌస్ పట్టి పొంగిపోతే, ముసలి ఆటగాడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ స్ట్రెయిట్ ఫ్లష్ తీసి అతని నోరు మూయిస్తాడు. అక్కడా పెద్ద ముక్కలదే రాజ్యం.

కాని ఈ లెక్కంతా తలకిందులైన ఆట ఒకటుంది. మూడు ముక్కలాట తెలిసినవాళ్ళకి 'ముఫ్లిస్' అంటే చటుక్కున వెలుగుతుంది. అందరికన్నా చెత్త ముక్కలు ఎవరికి పడితే వాళ్ళదే పందెం. కలర్ కలవని రెండు, మూడు, అయిదు వస్తే ఇక ఎదురులేదు. ఉర్దూలో ముఫ్లిస్ అంటే దివాళా తీసినవాడని అర్థం. ఈ దివాళా ఆటకి అమెరికాలో ఒక పెద్దన్న ఉన్నాడు. పేరు ర్యాజ్. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో 1971లోనే దీనికి విడిగా పోటీ పెట్టారు.

ఆట ఇలా సాగుతుంది. ఒక్కొక్కరికి ఏడు ముక్కలు. మొదటి రెండూ మూసి, తర్వాతి నాలుగూ తెరిచి, ఆఖరిది మళ్ళీ మూసి వేస్తారు. ఏడింటిలో అయిదు ఏరుకుని, ఎవరివి అన్నిటికన్నా చిన్నవైతే వాళ్ళే విజేత. ఆసు ఎప్పుడూ ఒకటే. వరస కుదిరినా, కలర్ కలిసినా నష్టం లేదు. జత పడితేనే చిక్కు. అన్నిటికన్నా గొప్ప చెయ్యి ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు. మొదటి రౌండులో ఎవరి ముందు అందరికన్నా పెద్ద ముక్క తెరుచుకుందో వాడు చచ్చినట్టు పందెం కట్టాలి. అంటే రాజు వచ్చినవాడికి ఊరికే జరిమానా! నాలుగో ముక్క నుంచి మాత్రం చిన్న ముక్కలు కనిపిస్తున్నవాడు ముందు మాట్లాడతాడు.

ఇంతవరకూ ఎవరైనా నేర్చుకుంటారు. అసలు తెలివితేటలు ఇక్కడినుంచే మొదలు.

మొదటి పాఠం. ఎనిమిదికి మించని మూడు వేర్వేరు ముక్కలు వస్తేనే ఆటలో దిగండి. ఆసు, రెండు చూసి ముచ్చటపడి, పక్కనున్న రాణిని ఎలాగో వదిలించుకుందాం అనుకున్నారో, రాణి వదలదు. మీ జేబు వదులుతుంది.

రెండో పాఠం కాస్త తిరకాసు. మామూలు పేకాటలో మన ముక్కలు పక్కవాడి దగ్గర కనిపిస్తే ఏడుస్తాం. ఇక్కడ పండగ చేసుకోవాలి! మీ చేతిలో రెండు, నాలుగు, ఏడు ఉన్నాయనుకోండి. ఎనిమిదిమంది ఆట. పక్క ఏడుగురి ముందూ రెండు, నాలుగు, ఏడు, పది, జాకీ, రాణి, రాజు తెరుచుకున్నాయి. మీకు జత పడేసే ముక్కలు మూడు అయిపోయాయి. మీక్కావలసిన ఆసు, మూడు, అయిదు, ఆరు, ఎనిమిది ముక్కలు ఇరవైకి ఇరవై ఇంకా కనబడలేదు. మీరు చూడని 42 ముక్కల్లో 20 మీవే, దాదాపు సగం. అదే పక్కవాళ్ళ ముందు ఆసు, మూడు, మూడు, అయిదు, ఆరు, ఆరు, ఎనిమిది కనిపిస్తే? మీకు మిగిలినవి 42లో 13. చేతిలో ముక్కలు మారలేదు గాని చేతి విలువ మారిపోయింది. అందుకే మంచి ఆటగాడు తన ముక్కలకన్నా ముందు ఎదుటివాళ్ళ ముక్కలు చూస్తాడు. మధ్యలో పడేసినవాళ్ళ ముక్కలు కూడా గుర్తుంచుకుంటాడు.

మూడో పాఠం దొంగ దెబ్బ. మీ తెరిచిన ముక్క మూడు. మీ తర్వాత మాట్లాడవలసినవాళ్ళ ముందు జాకీ, రాణి, రాజు. అప్పుడు మీ మూసిన ముక్కలు ఎంత చెత్తవైనా సరే, పందెం పెంచండి. ఎదుటివాడికి కనిపించేది ఆ మూడొక్కటే. రాజుని నమ్ముకుని ఎవడు దిగుతాడు చెప్పండి? దిగాడా, మర్యాదగా తప్పుకోండి. దొంగతనం ఒకసారి దొరికితే రెండోసారి మొండికేయకూడదు.

నాలుగో పాఠం. అయిదో ముక్క దగ్గర పందెం రెట్టింపవుతుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎదుటివాడికి పది, తొమ్మిది, ఏడు, అయిదు, రెండు. అయిదూ పూర్తయ్యాయి. మీకు ఆసు, రెండు, మూడు, నాలుగు, పక్కనే దరిద్రపు రాజు. చూడ్డానికి వాడు గెలిచాడు, మీరు ఓడారు. కాని ఇంకా రెండు ముక్కలు రావాలి. కనబడని 42లో అయిదు నుంచి పది వరకూ మీకు పనికొచ్చేవి 20 ఉన్నాయి. రెండింటిలో ఒక్కటైనా పడే అవకాశం నూటికి 70 పైమాటే. వాడూ బాగుపడవచ్చు గాని మొగ్గు మీవైపే. అదే మీరు తొమ్మిది, ఎనిమిది పట్టుకుని, ఎదుటివాడు చిన్న ముక్కలు వరసగా తీస్తుంటే? అంతవరకూ ఎంత కట్టారన్నది మరిచిపోయి పడేయండి.

ఈ నాలుగు పాఠాల సారం ఒక్కటే. ఈ ఆటలో గెలుపు పట్టుకోవడంలో లేదు, విడవడంలో ఉంది. మన రమ్మీ మాత్రం? పదమూడు ముక్కల్లో రాజు, రాణి, జాకీ పదేసి పాయింట్లు. అవి పట్టుకుని కూర్చుంటే ఎదుటివాడు షో చేసిన మరుక్షణం 80 పాయింట్లు నెత్తిన పడొచ్చు. మొదట్లోనే డ్రాప్ అంటే 20తో పోతుంది. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీలో నైపుణ్యమే ముఖ్యమని తీర్పు చెప్పింది. ఎందుకట? పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియాలి. మూడు ముక్కలాట అదృష్టం మీద నడిచేదట, రమ్మీని దానితో కలపకూడదట!

అలాగని ఆ తీర్పు జేబులో పెట్టుకుని పందాలకి బయల్దేరకండి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీ పందాలని నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ తలుపులు మూసింది. కారణం వేరే చెప్పాలా? ఎంత నేర్పున్నా, పోయింది రాబట్టాలనే కసి ఎక్కినవాడికి విడవడం చేతకాదు. రాత్రి రెండింటికి ఫోన్ ముందు కూర్చుని, జీతం కట్టి, అప్పు కట్టి, ఇంకొక్క చెయ్యి అనేవాడికి ముక్కల లెక్క గుర్తుండదు. మాయాబజార్‌లో సి.ఎస్.ఆర్. శకునిని చూసి నవ్వుకున్నాం గాని, పాండవులు రాజ్యం పోగొట్టుకున్నది శకుని పాచికలవల్ల మాత్రమేనా? ధర్మరాజుకి లేచి రావడం తెలియకపోవడంవల్ల కూడా!

కాబట్టి కుర్రాళ్ళూ, అమ్మాయిలూ! ఆదివారం మ్యాట్నీకి టిక్కెట్లు దొరకలేదా? నలుగురు చేరి ర్యాజ్ ఆడండి. పందెం చింతపిక్కలే సుమా! పిక్కలన్నీ పోగొట్టుకున్నవాడు మిగతావాళ్ళకి ఇరానీ చాయ్ పోయించాలి. అంతకన్నా దివాళా ఈ ఆటలో ఎవ్వరూ తీయనక్కరలేదు.

వచ్చేవారం ఇంకో ఆటతో కలుద్దాం!