టీ.వీ. ఎంత ఉండాలి?

పండక్కి చవకలో టీ.వీ. కొందామనుకుంటున్నారా? కొట్టుకు వెళ్ళేముందు టేపు తీసి, మీరు కూర్చునే చోటినుంచి టీ.వీ. పెట్టే గోడవరకు కొలవండి. టీ.వీ. అంగుళాలను తెర ఒక మూలనుంచి ఎదుటి మూలకు లెక్కిస్తారు. దానికి సుమారు రెండింతల దూరంలో కూర్చుంటే కళ్ళకు హాయి. అంటే, అయిదారడుగుల దూరానికి 32 అంగుళాలు, ఏడెనిమిది అడుగులుంటే 43 అంగుళాలు సరిపోతాయి. తెర మధ్యభాగం కూర్చున్నవారి కంటి ఎత్తులో ఉంటే మెడ నొప్పి పుట్టదు. గదిలో లైటు ఆర్పకండి.

దగ్గరగా చూస్తే చూపు పోతుందన్న భయం అక్కర్లేదు. కళ్ళు అలుస్తాయి, రెప్ప వెయ్యడం తగ్గి మండుతాయి, అంతే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి.

అయితే, ఎంత చెప్పినా మీ అబ్బాయి తెర దగ్గరకే జరుగుతూంటే కసరకండి. పెద్ద టీ.వీ.కి పరుగెత్తకండి. దూరం చూపు ఆనక అలా జరుగుతున్నాడేమో! ముందు కంటి డాక్టరుకు చూపించండి. టీ.వీ. వచ్చే నెల కొన్నా నష్టం లేదు. కళ్ళజోడు ఆలస్యమైతే బళ్ళో బోర్డుమీది అక్షరాలు వాడికి కనిపించవు.