నాలుక క్రింది మాత్ర

ఈ మాసమున ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందులకు క్షమింపుడు. మా వలన జరిగిన యొక పొరపాటును ముందు చెప్పుకొననిదే కలము కదలకున్నది.

బషీర్‌బాగులో మా సందున నాలుగిండ్ల కవతల నొక తల్లియు కొడుకును గలరు. పిల్లవాడు నిజాం కాలేజీ దగ్గఱ మోటారుసైకిలుపై నుండి పడి కాలు విఱుగగొట్టుకొనెను. నొప్పికని యిచ్చిన మాత్రలను ఎముక యతికిన పిమ్మటను మానలేకపోయెను. మాత్రలు చాలక సూదులకు దిగెను. ఇంటిలో ఇత్తడి సామాను మాయమగుచుండగా గాని తల్లికి సంగతి తెలియలేదు. తెలిసిన పిమ్మటను ఆమె దాచినది. మన పట్టణమున ‘ఎఱ్ఱగడ్డ’ యనునది యొక పేట పేరు గాక తిట్టుగా మాఱిపోయినది గదా! కొడుకు కా పేరు వచ్చునని ఆమె భయము. తుదకు ఒక వైద్యశాలలో చూపగా వారు బుప్రినార్ఫిన్ అను మాత్రను రోజును నాలుక క్రింద నుంచుకొమ్మనిరి. పిల్లవాడు తేఱుకొని పనికి పోసాగెను.

అప్పుడామె మా యింటికి వచ్చి, “అక్కయ్యగారూ, ఈ మాత్రయు ఆ జాతిదేనట. ఎంతకాలము మ్రింగవలెను?” అని యడిగెను. మా నాయనగారి యొద్ద భారతభాగవతములతో పాటు వైద్యగ్రంథము లొకటి రెండు చదివితిమను గర్వము మాకు గలదు. “నల్లమందును మాన్పుటకు నల్లమందు చెల్లెలు కావలెనా? మాన్పించి చూడుము” అంటిమి. ఆమె మా మాట నమ్మినది.

మాన్పిన పందొమ్మిదవనాటి తెల్లవాఱుజామున పిల్లవాడు పెదవులు నీలివాఱి, ఊపిరి నిమిషమునకు రెండు మూడుసార్లు మాత్రమే యాడుచు పడియుండెను. ఆసుపత్రిలో నలోక్సోన్ అను సూది వేయగా కన్ను తెఱచెను. ఆ తల్లి మమ్మొక్క మాట అనలేదు. అదియే మాకు దుస్సహమైనది.

ఆ వారమే మా అన్నగారి కుమార్తె వచ్చినది. ఆమె యొక జిల్లాలోని చిన్న వైద్యశాలలో నర్సు. మేము జరిగినది చెప్పగా కోపగింపక, “అత్తయ్యా, మానినవాని శరీరము పాత మోతాదును ఓర్చు శక్తిని కోల్పోవును. మనసు మాత్రము పాత మోతాదునే కోరును. ప్రాణము పోవునది అక్కడనే” అన్నది. పిమ్మట తన తప్పును చెప్పినది.

సూది వేసికొని గంటయైనను కాని యొకనికి ఆమె తొందరపడి మొదటి మాత్ర నిచ్చినదట. బుప్రినార్ఫిన్ మెదడులో నల్లమందు కూర్చుండు పీటపై నుండి దానిని నెట్టి తాను కూర్చుండును గాని, అంత మత్తు నీయదు. పాతమందు నిండియుండగా నిచ్చినచో ఒక్కసారిగా వాంతులు, వణకు, కడుపునొప్పి పుట్టును. అతడు తిట్టుచు పాఱిపోయెను.

ఆమె యీ సంగతిని వారమున కొకమాఱు జరుగు బోధనసభలో వణకుచు విన్నవించినదట. సభయనగా తెరపై దూరదూరపు వైద్యులును నర్సులును ఒకరి నొకరు చూచుచు మాటలాడుకొనుట. రోగి పేరు చెప్పరాదు. మొదట తోడివారు ప్రశ్నింతురు. నిపుణుడు పిమ్మట పలుకును. ఆ పెద్ద డాక్టరు గద్దింపక, “కడపటి సూది ఎన్ని గంటలకు?” అని మాత్ర మడిగెనట. హెరాయిను వంటి వానికి సుమారు పండ్రెండు గంటలు ఆగవలెననియు, గడియారము కంటె రోగి దేహమును నమ్మవలెననియు చెప్పెనట. ఆవులింతలు, ముక్కు కాఱుట, రోమాంచము, విప్పారిన కంటిపాప మొదలగు పదునొకండు గుర్తులకు అంకెలు వేసి కూడు పట్టిక యున్నది. దానిని నేర్పి, “పోయినవానిని క్షమాపణ చెప్పి పిలువుడు” అనెనట. మూడవనాడు అతడు వచ్చెను.

ఇట్టి సభల పద్ధతిని 2003లో అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున సంజీవ్ అరోరా యను మన దేశపు వైద్యుడు మొదలుపెట్టెను. కాలేయవ్యాధికై రోగులు ఎనిమిది మాసములు వేచియుండుట చూడలేక, రోగులను రప్పించుటకు మాఱుగా విద్యనే పల్లెలకు పంపెను. పిదప మత్తు వ్యసనమునకును అది ప్రాకినది. మన ప్రక్కనున్న బెంగుళూరు నిమ్హాన్సువారును దీని నవలంబించిరి. కేంద్రప్రభుత్వమువారు 2019లో ప్రకటించిన లెక్కలో, నల్లమందు జాతి వ్యసనమునకు సాయము కావలసినవారు 77 లక్షలు. ఇందఱకు నిపుణు లెక్కడనుండి వత్తురు?

ఇది వినునపుడు మాకు అరణ్యపర్వములోని నలుడు తలపునకు వచ్చెను. కర్కోటకుని విషము నలుని దేహమున నుండియు నలుని బాధింపలేదు. లోన దాగిన కలినే కాల్చినది. ఋతుపర్ణుడు అక్షహృదయము నేర్పిన పిమ్మట గదా కలి వెడలిపోయినది! చిన్ననాటినుండి ఎన్నిమాఱులో చదివిన కథయే. విషమనగానే మాన్పుడంటిమే!

ఇక మీ యిండ్లకు పనికివచ్చు మాట. ఈ మాత్రను మ్రింగరాదు. కరగువఱకు ఐదు పది నిమిషములు మాటయు మంచినీరును వలదు. నెలలు, ఏండ్లును వాడవలసి రావచ్చును. మాన్పుట వైద్యుడు మెల్లమెల్లగా చేయవలసిన పని, ఇరుగుపొరుగు వారిది గాదు. పోలీసు భయమున దాచువారు 1985 నాటి చట్టములోని 64ఎ విభాగమును గూర్చి వకీలు నడుగుడు. స్వయముగా ప్రభుత్వ వైద్యశాలలోగాని, ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలోగాని చికిత్స కోరు వ్యసనపరునికి అది రక్షణ నిచ్చుచున్నది. 14446 అను నంబరుకు ఫోను చేసినచో దారి చెప్పుదురు.

మేమును మా వారును ఆ యింటికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. మాత్ర మరల మొదలైనది. ఉదయమున మేము ముగ్గు వేయువేళ ఆ పిల్లవాడు అరుగుపై నోరు మూసికొని కూర్చుండును. తల్లి ప్రక్కనే చిక్కుడుకాయలు ఒలుచుచుండును. మేము పలుకరింపగా తల మాత్ర మూపును. మాత్ర కరగిన పిమ్మట, “అత్తయ్యగారూ, కాఫీ అయినదా?” అని యడుగును.

ఊరగాయలు వచ్చు మాసమున.