కాలర్ ఎముక విరిగితే ప్లేటు తప్పనిసరా?



రొమ్ము ఎముకను భుజంతో కలిపే కాలర్ ఎముక, అంటే వైద్య గ్రంథాలు జత్రుక అని పిలిచేది, పెద్దవారికి విరిగినప్పుడు లోహపు ప్లేటు బిగించడమే మేలైన వైద్యమన్న నమ్మకం బలంగా ఉంది. ఎక్స్‌రేలో ముక్కల మధ్య ఎంత ఎడం కనిపిస్తే ఆపరేషన్‌కు అంత తొందర పడుతున్నారు. ఈ తొందరకు ఉన్న ఆధారాలు మాత్రం అంత గట్టివి కావు.

ఈ ఎముక ఎక్కువగా నడిమి భాగంలోనే విరుగుతుంది. విరగగానే మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది, చేతి బరువు బయటి ముక్కను కిందికి దించుతుంది కాబట్టి, ఆ బొమ్మ చూసినవారికి ఇవి ఇక అతకవనే అనిపిస్తుంది. అయినా 1960లో అమెరికా వైద్యుడు నీర్, కోత లేకుండా చికిత్స పొందిన 2,235 మందిలో ముగ్గురికే ఎముక అతకలేదని ప్రకటించాడు. ఆ లెక్క మరీ ఆశావహమైనదని, ముక్కలు పూర్తిగా జరిగిపోయిన పెద్దవారికి వర్తించదని తరువాతి పరిశోధనలు తేల్చిన మాట నిజమే. 2007లో వెలువడిన కెనడా అధ్యయనం అలాంటి 132 మందిని, ఎంపికలో ఎవరి ఇష్టానికీ తావులేకుండా, రెండు వర్గాలుగా విడదీసింది. ఏడాది తరువాత ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి, చేతిని మెడకు వేలాడదీసే గుడ్డపట్టీతో, అంటే స్లింగ్‌తో, సరిపెట్టిన 49 మందిలో ఏడుగురికి ఎముక అతకలేదు. వంకరగా అతికి బాధపెట్టిన 9 మందీ స్లింగ్ వర్గంవారే. (132లో చివరిదాకా లెక్కకు అందినది 111 మందే అన్న సంగతిని ప్లేటు పక్షంవారు అంతగా ప్రస్తావించరు.) అవే అంకెలను మరోవైపు నుంచి చదివితే, ఒక్కరికి ఎముక అతకని బాధ తప్పించడానికి దాదాపు తొమ్మిది మందికి కోత పెట్టాలని అర్థమవుతుంది. ఆ కోత ఊరికే పోదు: అదే అధ్యయనంలో ముగ్గురికి గాయం చీము పట్టగా, ఐదుగురిని చర్మం కింద తగిలే ప్లేటు ఇబ్బంది పెట్టింది. 2013లో వెలువడిన, 200 మందిపై జరిగిన స్కాట్లండ్ అధ్యయనంలోనైతే, ఎముక అతకనివారిని మినహాయించి చూసినప్పుడు రెండు వర్గాల చేతి పనితీరులో తేడాయే కనిపించలేదు.

ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చినా, చీల్చేంతగా పొడుచుకున్నా, కింది రక్తనాళానికో నరాలకో దెబ్బ తగిలినా ఆపరేషన్ విషయంలో వాదన లేదు. అలాగే కోత వద్దనడమంటే, ఎక్స్‌రే కూడా తీయించకుండా నాటు కట్టుకు పరుగెత్తమని కాదు. స్లింగ్‌లో ఉన్నవారిని కూడా వైద్యుడు మళ్లీమళ్లీ పరీక్షించాలి. అప్పటికీ అతకకపోతే ప్లేటు అప్పుడు వేయవచ్చు, ఫలితం సాధారణంగా బాగానే ఉంటుంది.

కాబట్టి నిర్ణయం ఎక్స్‌రేను మాత్రమే కాక మనిషి పనిని కూడా బట్టి ఉండాలి. భుజం మీద బస్తా మోసే హమాలీకి ఎముక పొట్టిగా అతికితే బలం తగ్గవచ్చు, ప్లేటు వేస్తే సరిగ్గా బస్తా ఆనే చోటే అది ఒత్తుకుని, తీయడానికి రెండో ఆపరేషన్ కావలసి రావచ్చు. ఈ రెండు నష్టాలనూ సంతకం తీసుకోవడానికి ముందే అతనికి తెలుగులో వివరించాలి.

— ఒక పాఠకుడు